మంట లేని కొవ్వొత్తి

అక్టోబర్ 4, శుక్రవారం

ఇంట్లో మసి వాసన పోవడం లేదు. నిన్నటి నుంచి కిటికీలు తెరిచే ఉన్నాయి. గోడ రెండుసార్లు కడిగాను. మరక పోకపోగా ఇంకాస్త పరుచుకుంది.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. రేపు తలా ఒక మాట అంటారు, అప్పుడు నాకే అయోమయంగా ఉంటుంది. నిన్న మధ్యాహ్నం మూడు దాటాక, ముందు గదిలో తూర్పు గోడకున్న పునీత జార్జి పటం దగ్గర, కొవ్వొత్తి నుంచి కర్టెన్‌కు నిప్పంటుకుంది. అత్తయ్య కొవ్వొత్తి ఆర్పడం మర్చిపోయింది. ఆవిడకు ఎనభై ఒకటి. నేను బేకరీ నుంచి వచ్చి, వంటిల్లు సర్ది, కింది అంతస్తులో మార్గిత్ ఇంటికి పది నిమిషాలకని వెళ్ళాను. వెనక గదిలో పడుకున్న అత్తయ్య వాసనకు లేచి, బకెట్‌లో నానబెట్టిన తువ్వాలు తీసి మంటను కొట్టి కొట్టి ఆర్పేసింది. నేను పైకి వచ్చేసరికి కుర్చీలో కూర్చుని, కుడి అరచేయి నీళ్ళ గిన్నెలో పెట్టుకుని ఉంది. పటం చట్రం ఒక మూల మాడింది. కర్టెన్ సగం లేదు.

"సవేతా, ఆ కొవ్వొత్తి నేనే వెలిగించానా?" అని అడిగింది.

"ఇంకెవరు వెలిగిస్తారు అత్తయ్యా?" అన్నాను.

అంతే. చేతికి మందు రాసి కట్టు కట్టాను.

అక్టోబర్ 6, ఆదివారం

మా ఆయన జీవ్కో ఆస్ట్రియాలో లారీ సరుకు దించి నిన్న వచ్చాడు. నోవీసాద్ నుంచి వదిన దరింకా కూడా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"అమ్మా, వెలిగించి వెళ్ళి పడుకున్నావా? పక్కవాళ్ళు, పైవాళ్ళు, అందరూ కాలిపోయేవాళ్ళు! కాస్తయినా బుర్ర పనిచేస్తోందా నీకు?"

అత్తయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్ళో దాచుకుంది. "గుర్తు లేదే. నేనే అయ్యుంటాను."

"అయ్యుంటానేంటి? మొన్న తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టింది ఎవరు?"

అది నిజం. తాళంచెవి ఫ్రిజ్‌లో దొరికింది. ఆగస్టులో.

భోజనాల దగ్గర జీవ్కో ఒక్క మాటలో తేల్చేశాడు. ఇకనుంచి ఈ ఇంట్లో నిప్పు పొయ్యి మీద తప్ప ఎక్కడా ఉండకూడదు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు అన్నీ ఒక సంచిలో వేసి నేలమాళిగలోని మా గోదాములో పెట్టేశాడు. బ్యాటరీ కొవ్వొత్తులు దొరుకుతాయి కదా, అవి కొనమన్నాడు. "మరీ ఖరీదైనవి వద్దు. చూడ్డానికి బాగుండాలి, అమ్మ తన చేత్తోనే వెలిగించుకునేలా ఉండాలి. నువ్వు చూసి తీసుకో."

వదిన నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. అపాతిన్‌లో ఒక వృద్ధాశ్రమం ఉందట, డాన్యూబ్ ఒడ్డున, శుభ్రంగా ఉంటుందట. నవంబర్ పదహారున మన ఇంటి పునీతుడి పండగ, స్లావా, అయిపోగానే మాట్లాడదామంది.

"పగలంతా నీ మీద పడుతోంది సవేతా. నీకూ ఒక ప్రాణం ఉంది కదా," అంది. నా భుజం తట్టింది.

నేను వదినకు కాఫీ పోశాను.

అక్టోబర్ 8, మంగళవారం

చవక సామానమ్మే చైనావాళ్ళ కొట్టుకు వెళ్ళాను. ఆరు చిన్నవి ఉన్న పెట్టె తీసుకున్నాను, అన్నిటికన్నా చవకవి. అడుగున గోరంత మీట ఉంది. అత్తయ్య కట్టు చేత్తో తిప్పితే కదల్లేదు. ఎడమ చేత్తో తిప్పితే వెలిగింది కానీ, వెలుగు తెల్లగా, నీలంగా, ఆసుపత్రి వరండాలో లైటులా ఉంది.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది కన్ను కొడుతోంది."

నిజమే. సెకనుకోసారి, ఒకేలా. కారు మలుపు తిరిగేటప్పుడు వెలిగే లైటులా.

"పునీతుడి ముందు కన్ను కొట్టేదాన్ని పెట్టనమ్మా నేను," అంది. ఆరూ బీరువాలో పడేశాను.

అక్టోబర్ 10

పెద్దమ్మ కూతురు మళ్ళీ ఫోన్ చేసింది. ఎత్తలేదు.

అక్టోబర్ 12, శనివారం

హార్డ్‌వేర్ కొట్టులో లావుపాటివి ఉన్నాయి, మూడు ఎత్తుల్లో, రిమోట్‌తో. అమ్మేవాడు ఒకటి వెలిగించి చూపించాడు. నాలుక లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క గాలికి ఊగినట్టు ఊగుతుంది. దూరం నుంచి చూస్తే అచ్చం మంటే. తీసుకొచ్చాను. నచ్చకపోతే వాపసు తీసుకుంటానన్నాడు.

అత్తయ్యకు నచ్చింది కూడా. నచ్చి, దాని మీద చెయ్యి పెట్టింది. కట్టు లేని చెయ్యి.

"చల్లగా ఉంది," అంది.

"అందుకే కదా అత్తయ్యా తెచ్చింది."

"తెలుసు." చెయ్యి తియ్యలేదు. "చలికాలంలో ప్రార్థన చేసుకునేటప్పుడు వేళ్ళు దీని దగ్గరే పెట్టుకునేదాన్ని. మీ మామయ్య తిట్టేవాడు, దేవుణ్ణి పొయ్యి చేసుకున్నావని."

రిమోట్ ఆవిడ టీవీ రిమోట్ అనుకుంది. సాయంత్రం వార్తలు పెట్టబోతే కొవ్వొత్తులు ఆరిపోయాయి. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. రిమోట్ నా చేతికిచ్చి, "నేనిక ఏదీ ముట్టుకోను, నువ్వే చూసుకో," అంది.

ఇంతకు ముందైతే ఆవిడే ముందు నవ్వేది.

అక్టోబర్ 14, సోమవారం

రిమోట్‌వి వాపసు ఇచ్చేశాను. మార్గిత్ ఇంట్లో ఇరవై నిమిషాలుండి ఉంటాను ఆ రోజు. అంతకన్నా ఉండను. కాఫీ తాగడానికి ఎంతసేపు పడుతుంది?

అక్టోబర్ 17, గురువారం

కొవ్వొత్తుల గురించి ఇన్ని విషయాలున్నాయని నాకు తెలియదు. గుండీ బ్యాటరీలవి వారానికే అయిపోతాయి, ఆ బ్యాటరీలు కొవ్వొత్తి కన్నా ప్రియం. పెన్సిల్ సెల్స్ వేసుకునేవి తీసుకుంటేనే మంచిది. కొన్నింటికి పైన నిజం మైనం పూత ఉంటుంది, పట్టుకుంటే ప్లాస్టిక్ అని తెలియదు. కొన్ని ఒకసారి వెలిగిస్తే ఆరు గంటల తర్వాత వాటంతటవే ఆరిపోయి, మర్నాడు అదే వేళకు మళ్ళీ వెలుగుతాయి. వెలుగు పసుపుగా ఉండేవాటి డబ్బా మీద వెచ్చని తెలుపు అని రాసి ఉంటుంది. బేకరీలో పనికి ముందు, పని తర్వాత, ఇవే చూస్తున్నాను. మొన్న ఒకావిడ రెండు రొట్టెలడిగితే మూడిచ్చాను.

మార్గిత్ అంది, "ఒక్క కొవ్వొత్తి కోసం ఇంత వెతుకులాటేంటే? నా కూతురు పెళ్ళికొడుకును కూడా ఇంత చూడలేదు."

అత్తయ్యకు నచ్చాలి కదా అన్నాను.

మార్గిత్ కప్పు కింద పెట్టింది. "ఆ రోజు నువ్వొచ్చినప్పుడు నీ మొహం తెల్లకాగితంలా ఉంది. ఏమైందని అడిగితే వాతావరణం గురించి మాట్లాడావు. గంటసేపు."

గంట కాదు.

అక్టోబర్ 20, ఆదివారం

అత్తయ్య పొయ్యి దగ్గరకు రావడం మానేసింది. ప్రతి ఆదివారం సూప్‌లోకి సన్నసేమ్యా ఆవిడే కోసేది, అదీ మానేసింది. స్లావా రొట్టె ఈసారి ఎవరు చేస్తారని జీవ్కో అడిగితే, "సవేతాని చెయ్యమను. నేను ఉప్పు రెండుసార్లు వేస్తానేమో," అంది. ఈ ఇంటికి వచ్చిన ఇరవై ఆరేళ్ళలో ఆ పిండి మీద నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు.

జీవ్కో నా వైపు చూశాడు, చూశావా ఎలా అయిపోయిందో అన్నట్టు.

వయసు. ఎవరికైనా వస్తుంది.

అక్టోబర్ 23, బుధవారం

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అత్తయ్య పటం ముందు నిలబడి వేళ్ళు లెక్కపెడుతోంది. ఏంటత్తయ్యా అన్నాను.

"కొవ్వొత్తి కింది అరలో ఉంది కదా ఆ రోజు. కింది అర చనిపోయినవాళ్ళకి. పై అర బతికున్నవాళ్ళకి. నేనెప్పుడూ తప్పు పెట్టను. అంటే ఎవరో పోయినవాళ్ళ కోసం పెట్టాను. ఎవరి కోసం?" మళ్ళీ వేళ్ళ మీదకు వెళ్ళింది. "మీ మామయ్యది మార్చి. మా చెల్లి వేసవిలో పోయింది. అమ్మది వసంతం. అక్టోబర్‌లో నాకెవరూ లేరే..."

నేను సూప్ వేడి చెయ్యడానికి వెళ్ళాను.

అక్టోబర్ 24

నేను అబద్ధమాడలేదు. ఒక ప్రశ్న అడిగాను. ఇంకెవరు వెలిగిస్తారు అని.

అక్టోబర్ 29, మంగళవారం

దొరికింది. మళ్ళీ ఆ చైనా కొట్టులోనే, వెనక అరల్లో, క్రిస్మస్ సామాను మధ్య. ఒకే కొవ్వొత్తి, జానెడు ఎత్తు, పాలమీగడ రంగు మైనం పూత, పెన్సిల్ సెల్స్ రెండు. మీట అడుగున కాదు, పక్కన ఉంది, బొటనవేలంత. వెలుగు పసుపు, ఊగడం కూడా ఒక్కోసారి ఒక్కోలా. కొట్టామె నా మొహం చూసి నవ్వింది. "ఐదోసారి వచ్చావు. ఇది తీసుకో. మా అమ్మకీ ఇదే పంపాను." ధర కూడా మిగతా వాటి కన్నా పెద్ద తేడా లేదు.

మైనం ఉన్నా వాసన లేదు. గోదాములోకి వెళ్ళి జీవ్కో సంచిలోంచి ఒక తేనెమైనం కొవ్వొత్తి తీసి ఈ కొత్తదాని ఒంటికంతా రుద్దాను. కింద కూర్చుని రుద్దుతూ ఎంతసేపున్నానో తెలియదు. ఆ వాసన మా నాన్న చేతులది.

అత్తయ్య మీట నొక్కింది. వెలిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బాగుంది," అంది. "మంచి పిల్లవి నువ్వు."

భోజనం చెయ్యలేకపోయాను.

నవంబర్ 2, శనివారం

పితరుల శనివారం. జీవ్కో, నేను, అత్తయ్య సమాధులకు వెళ్ళాం. మా ఊరు సోంబోర్ అంతా అక్కడే ఉంది, చామంతులతో, సంచులతో. బయట కాబట్టి నిజం కొవ్వొత్తులే. మామయ్యకు ఒకటి, అత్తయ్య అమ్మానాన్నలకు రెండు, చెల్లికి ఒకటి. అత్తయ్య చేతికివ్వకుండా జీవ్కోయే వెలిగించాడు. ఆవిడ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని ఒక అడుగు వెనక్కి నిలబడింది, పిల్లల్ని మంటకు దూరంగా ఉంచినట్టు, తనను తానే ఉంచుకుంది.

జీవ్కో నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు నేను సంచిలోంచి ఇంకొకటి తీసి పక్కన ఇసుకలో గుచ్చాను.

"అదెవరికి?" అంది అత్తయ్య.

"ఊరికే. ఒకటి మిగిలింది."

ఆవిడ కాసేపు ఆ మంట వంక చూసింది. తర్వాత నా వంక.

నవంబర్ 5

పెద్దమ్మ కూతురు ఫోన్ చేస్తే ఎత్తాను. నలభయ్యో రోజు ప్రార్థన ఈ శనివారం.

నవంబర్ 7, గురువారం

పని నుంచి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద చిన్న సూట్‌కేసు తెరిచి ఉంది. రెండు రాత్రి గౌన్లు, ఉన్ని మేజోళ్ళు, మామయ్య ఫోటో. చేతి కట్టు విప్పేశారు కానీ, అరచేతిలో చర్మం ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

"ఇదేంటత్తయ్యా? పండక్కి ఇంకా తొమ్మిది రోజులుంది."

"దరింకా నిన్న ఫోన్‌లో చెప్పింది, అపాతిన్‌లో గది దొరికిందట. పండగయ్యాక సర్దుకుందామంటే మర్చిపోతాను. మర్చిపోయేదాన్నే కదా." నవ్వడానికి చూసింది. "అక్కడ పొయ్యి ఉండదట. అదే మంచిది. నాకు నేనంటే భయమేస్తోంది సవేతా. పంపు కట్టేశానా, తలుపు వేశానా అని మూడుసార్లు లేచి చూస్తున్నా. కాలు తీసి కాలు వెయ్యాలన్నా, ఎక్కడ వేస్తున్నానా అని చూసుకుంటున్నా. మిమ్మల్ని తగలబెట్టి చావడం కన్నా పోవడం నయం."

సూట్‌కేసు మూత పట్టుకుని నిలబడ్డాను.

"ఆ రోజు కొవ్వొత్తి వెలిగించింది నేను," అన్నాను.

ఇక్కడ కూడా ఒక్కసారి సరిగ్గా రాస్తాను. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను, చదివేది నేనొక్కదాన్నే అయినా.

అక్టోబర్ మూడున ఒంటిగంటన్నరకు పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. మా అన్న తిహొమీర్ మంగళవారం పోయాడు, ఆ పొద్దున్నే పూడ్చేశారు. నాకు చెప్పాలా వద్దా అని అందరూ తర్జనభర్జన పడ్డారట, నేనే కదా అందరి ముందూ నాకు అన్న లేడన్నది. పన్నెండేళ్ళ క్రితం, నాన్న సమాధి దగ్గర. నాన్న ఆసుపత్రిలో ఉండగా అన్న తేనెపెట్టెలు అమ్మేశాడు. నాన్న చివరి వారమంతా పెట్టెలు చలికి కప్పావా, తేనెటీగలకు చక్కెరనీళ్ళు పోశావా అని అడుగుతూనే ఉన్నాడు. అన్న పోశానని తలూపాడు. ఆ తలూపడాన్ని నేను క్షమించలేదు. తర్వాత ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

ఫోన్ పెట్టేశాక అత్తయ్య సొరుగులోంచి ఒక కొవ్వొత్తి తీసుకున్నాను. పోయినవాళ్ళకు పెట్టినట్టే కింది అరలో పెట్టాను. ఆ అర కర్టెన్ అంచుకు జానెడు దూరం. వాసనకు అత్తయ్య లేచి ఎవరికని అడుగుతుందేమోనని కిటికీ తెరిచాను. గాలి ఉంది. ఏడుపు వస్తుందేమోనని మార్గిత్ ఇంటికి వెళ్ళాను, అక్కడైతే ఏడవలేను కదా. గంటసేపు వాతావరణం గురించి మాట్లాడాను.

ఇదంతా అత్తయ్యకు చెప్పాను. ఇంత వరుసగా కాదు. ఆవిడ మంచం అంచున కూర్చుని విన్నది. అయ్యాక చాలాసేపు తన అరచెయ్యి చూసుకుంది.

"నేను వెలిగించలేదు," అంది.

"లేదు."

"ఆర్పింది?"

"మీరే. మీరొక్కరే."

ఏడుస్తుందనుకున్నాను. లేచి నిలబడింది. ఎప్పుడూ నా మీద గొంతెత్తని మనిషి.

"ముప్పై ఐదు రోజులు! ఎవరి కోసం పెట్టానో గుర్తుకు రాక, నా వాళ్ళందరినీ ఒక్కొక్కళ్ళనీ లేపి అడిగాను. నువ్వు పక్కనే నిలబడి విన్నావు! సూప్ వేడి చెయ్యడానికి వెళ్ళావు!"

"అవునత్తయ్యా."

"నా కూతురు నా మొహం మీద బుర్ర లేదంది. విన్నావు!"

"విన్నాను."

"నేను ముసలిదాన్ని కాబట్టి నా నెత్తిన పెట్టావు. నెత్తి ఖాళీగా ఉందిగా, అక్కడైతే ఆగుతుందని."

అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

ఆవిడ సూట్‌కేసులోంచి మామయ్య ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత నా వైపు తిరక్కుండా అడిగింది. "మీ అన్నకి నలభయ్యో రోజు ఎప్పుడు?"

"ఎల్లుండి."

"వెళ్తున్నావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళు. సమాధి దగ్గర తీపి చేసి పంచడానికి గోధుమలున్నాయా ఇంట్లో?"

ఉన్నాయన్నాను. నానబెట్టమంది. వంటింట్లోకి నడిచింది, ఐదు వారాల తర్వాత మొదటిసారి. గిన్నె కడిగింది, నీళ్ళు కొలిచింది. అగ్గిపెట్టె లేదు కదా, గ్యాస్ లైటర్ తీసుకుని ఒకసారి నొక్కింది, రెండోసారికి అంటుకుంది. మంట తగ్గించి, వంగి చూసి, మళ్ళీ కాస్త తగ్గించింది. అక్రోట్లు దంచుతుంటే రోలు గోడకు తగిలి చప్పుడు. అంత కోపంగా దంచిన అక్రోట్లు నేనెప్పుడూ చూడలేదు.

వెళ్ళి పడుకోబోయే ముందు గుమ్మంలో ఆగింది. "జీవ్కోకీ దరింకాకీ నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

నవంబర్ 9, శనివారం

బస్సులో ఒళ్ళో గోధుమల గిన్నె పెట్టుకుని అన్న వాళ్ళ ఊరు ఒజాత్సి వెళ్ళాను. సమాధి మట్టి ఇంకా కుంగలేదు. చెక్క శిలువ మీద అన్న పేరు చూస్తే మొదట ఎవరో తెలియనివాళ్ళ పేరులా అనిపించింది. తర్వాత కాదు.

అన్న భార్య నన్ను చూసి పలకరించలేదు. కానీ గిన్నె తీసుకుంది. ఒక చెంచా నోట్లో వేసుకుని, "ఎవరు చేశారు?" అంది.

"మా అత్తగారు."

"బాగుంది," అని గిన్నె అందరికీ తిప్పింది.

వస్తుంటే, "ఆస్పత్రిలో నీ నంబరు అడిగాడు. నా దగ్గర లేదు," అంది. అంతే చెప్పింది.

నవంబర్ 10, ఆదివారం

వదిన ఆశ్రమం కాగితాలు పట్టుకుని వచ్చింది. సూప్ అయ్యాక, మాంసం రాకముందే చెప్పేశాను. ఆలస్యం చేస్తే చెప్పనని తెలుసు.

వదిన చెంచా పళ్ళెంలో పడింది. "ఏంటీ? నువ్వా? ఇన్నాళ్ళూ మా అమ్మని..." కుర్చీ వెనక్కి తోసి లేచింది. "నేను ఆవిణ్ణి ఎన్ని మాటలన్నాను! నువ్వు అక్కడే ఉండి కాఫీ పోశావు నాకు!"

"పోశాను వదినా."

"నన్ను వదినా అనకు."

అత్తయ్య తల ఎత్తలేదు. నా తరఫున ఒక్క మాట అనలేదు. అనాలని నేనూ అనుకోలేదు. వదిన కోటు వేసుకుంటూ ఏడ్చింది. నా మీద కోపమో, తను అన్న మాటల మీదో, రెండూనేమో. కాగితాలు తీసుకెళ్ళడం మర్చిపోయింది. అత్తయ్య వాటిని మడిచి, చెత్తబుట్టలో కాదు, సొరుగులో పెట్టింది. "ఎప్పటికైనా పనికొస్తాయి. ఇప్పుడు కాదు," అంది.

జీవ్కో బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. నేను వెనకే వెళ్ళాను. అరుస్తాడనుకున్నాను.

"మీ అన్న పోయాడా?" అన్నాడు.

"అవును."

"నలభై రోజులైంది. నేను ప్రతి రోజూ దారిలో నుంచి ఫోన్ చేస్తాను. ఏం తిన్నావు, ఏం చేశావు అని అడుగుతాను. నాకు చెప్పాలనిపించలేదా?"

దీనికన్నా అరిచుంటే బాగుండేది.

నవంబర్ 13, బుధవారం

స్లావాకు ముందు ఇంట్లో నీళ్ళు దీవించడానికి ఫాదర్ గవ్రిలో వచ్చాడు. పటం ముందు మా బ్యాటరీ కొవ్వొత్తి చూసి గడ్డం నిమురుకున్నాడు.

"ఇది కూడా ప్రార్థన చేస్తుందా రదోయ్కమ్మా?"

"ఆరు గంటలు చేస్తుంది ఫాదర్. తర్వాత నిద్రపోతుంది," అంది అత్తయ్య. "మీకన్నా నయం, మీరు నలభై నిమిషాల్లో ముగిస్తారు."

ఫాదర్ పగలబడి నవ్వాడు. స్లావా రోజున మాత్రం మైనం కొవ్వొత్తే ఉండాలన్నాడు. అందరూ నిలబడి ఉండగా వెలిగించి, రొట్టె కోసి, ద్రాక్షసారాతో ఆర్పేస్తే భయమేముంది? మిగతా రోజులకు ఇది ఉంచుకోమన్నాడు. "వెలుగు ఎక్కడ కొన్నారని దేవుడు రసీదు అడగడు."

అత్తయ్య జీవ్కో వైపు చూసింది. జీవ్కో గోదాము తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

నవంబర్ 16, శనివారం

స్లావా. రొట్టె అత్తయ్యే చేసింది. నన్ను పిండి మీద చెయ్యి పెట్టనివ్వలేదు. ఎంత సంతోషమనిపించిందో.

కొవ్వొత్తి ఇంటి యజమాని వెలిగించాలి. జీవ్కో అగ్గిపెట్టె వాళ్ళ అమ్మకిచ్చాడు. ఆవిడ ఒకే పుల్లతో వెలిగించింది. పద్నాలుగు మంది నిలబడి చూశారు.

వదిన ఆలస్యంగా వచ్చింది. కేకు డబ్బా నా చేతికే ఇచ్చింది, నా మొహం చూడకుండా. "ఫ్రిజ్‌లో పెట్టు, క్రీము కారిపోతుంది," అంది. ఆరు రోజుల్లో నాతో అన్న మొదటి మాట. పెట్టాను.

అత్తయ్య ఇంకా నాతో ముక్తసరిగానే ఉంది. మంచి పిల్లవి అని మళ్ళీ అనలేదు. అంటుందో లేదో తెలియదు.

నవంబర్ 24, ఆదివారం

బజారు నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే కాళ్ళు తడిశాయి. వంటింట్లో పంపు పారుతోంది, సింకులో క్యాబేజీ ఆకు అడ్డం పడి నీళ్ళు నేల మీదకు, అక్కణ్ణుంచి ముందు గదిలోకి. తివాచీ అంచు తేలుతోంది. కింద మార్గిత్ చీపురు కర్రతో సీలింగ్ కొడుతోంది.

నేను పరిగెత్తి పంపు కట్టేశాను. వెనకనుంచి అడుగుల చప్పుడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి నీళ్ళ వంక చూసింది, పంపు వంక చూసింది. ఆవిడ మొహం పాలిపోతుందని, మళ్ళీ చేతులు జేబుల్లో దాచుకుంటుందని భయపడ్డాను.

"నేనే తిప్పి ఉంటానత్తయ్యా, బజారుకెళ్ళే తొందరలో..." నోట్లోంచి వచ్చేసింది.

"నోర్ముయ్!" అంది. "ఇది నాది. క్యాబేజీ కడుగుతూ టీవీలో వంటల కార్యక్రమం చూడ్డానికి వెళ్ళాను. పూర్తిగా నాది. నా తప్పు నాకివ్వు."

గౌను అంచు పైకి దోపుకుని, మేజోళ్ళు విప్పేసి, నీళ్ళలోకి దిగింది. గుడ్డ నా మీదకు విసిరింది, ఇంకోటి తను తీసుకుంది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని పిండుతూ, ముందు గది వరకూ తుడుచుకుంటూ వెళ్ళాం. కింద మార్గిత్ ఇంకా కొడుతూనే ఉంది.

"ఎవరే నీళ్ళు వదిలేసింది?" అని కింద నుంచి కేకేసింది.

అత్తయ్య నేలకు నోరు ఆనించినంత దగ్గరగా వంగి అరిచింది. "నేనే! రదోయ్కాని!"